చారల గుర్రానికి దిష్టి చుక్క

ఒకప్పుడు ఆఫ్రికా గడ్డి మైదానాల్లోని చారల గుర్రాలకు చారలే లేవు. చెవి కొస నుంచి తోక కుచ్చు దాకా అంతా తెలుపే. అదీ మామూలు తెలుపు కాదు, అప్పుడే ఉతికి ఆరేసిన పంచెలాంటి తెలుపు. ఎండిన గడ్డిలో అవి మేస్తుంటే చూపు ఆనని ముసలి సింహానికి కూడా ఇట్టే కనిపించేవి.

అంత తెలుపు ఊరికే వస్తుందా? దాని వెనక పెద్ద తతంగమే ఉండేది. పొద్దు వాలేసరికి గుంపంతా ఏటి రేవుకు వెళ్ళాలి. మెడ దాకా మునగాలి. ఒళ్ళు రుద్దుకోవాలి. గుంపుకు పెద్ద బీబీ. ఆవిడ గట్టు మీద నిలబడి పైకొచ్చే ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసేది. ఎవరి మోకాలి మీదైనా కాస్త బురద కనిపించిందా, ఇక అంతే సంగతులు.

“మచ్చ! మచ్చ! పో, మళ్ళీ మునుగు!” అని ఏరు దద్దరిల్లేలా అరిచేది. మచ్చతో గట్టెక్కిన వాళ్ళను గుంపులోకి రానిచ్చేది కాదు.

ఇంత శుభ్రం దేనికమ్మా అంటే, అందానికట! ఆ అందం చూసి మురిసిపోయేది మాత్రం రేవు పక్క బండ మీద పడుకునే షంగా. షంగా ఎవరనుకున్నారు? ఆడసింహం. వేటకోసం ఆవిడ ఎక్కడికీ పోనక్కర్లేదు. తిండి తనంతట తానే వచ్చి, శుభ్రంగా స్నానం చేసి, కళ్ళెదుట వరసగా నిలబడేది.

ఆ గుంపులో నీమా అనే తల్లి గుర్రం ఉండేది. ఆ ఏడే దానికి పెండో అని ఒక కూతురు పుట్టింది. పెండోకి కాళ్ళు పొడుగు, బుద్ధి ఇంకా పొట్టి. గుంపులో అందరూ ఒకేలా తెల్లగా ఉండేవాళ్ళేమో, ఎవరు కనిపిస్తే వాళ్ళనే “అమ్మా!” అంటూ వెంటపడేది. నీమాకు దాని వెనక పరుగుతోనే రోజంతా సరిపోయేది. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని తిరిగేది పాపం. గిట్టలున్న వాళ్ళకు గుప్పిటెక్కడిది అంటారా? మాటవరసకు అన్నాను లెండి.

ఒక సాయంత్రం స్నానం చేసి గట్టెక్కుతున్న పెండోని చూసి షంగా బండ మీద నుంచే పలకరించింది.

“ఏం నీమా, నీ పిల్ల వెన్నముద్దలా ఉందే! నా కన్ను దాని మీద నుంచి కదలడం లేదంటే నమ్ము.”

“నీ కన్ను నీ దగ్గరే పెట్టుకో,” అంది నీమా, పిల్లకు అడ్డం నిలబడుతూ.

“ఎలా పెట్టుకోను? ఏ పొదలో దాచినా దాగని పిల్లాయె. ఇవాళ నా కడుపు నిండుగా ఉంది. రేపు చూసుకుందాం,” అని షంగా తీరిగ్గా ఆవలించింది.

నీమా పిల్లను దగ్గరకు పొదువుకుంది. సింహం కన్ను పడింది! బిడ్డ మీద కన్ను పడితే ఏ తల్లయినా ఏం చేస్తుంది? దిష్టి చుక్క పెడుతుంది. ఒంటి మీద ఇంత మసి బొట్టు పెడితే చెడు చూపు బిడ్డ మీద నిలవదట. ఈ సంగతి వాళ్ళమ్మ ఎప్పుడో నీమా చెవిలో చెప్పింది. చెవిలోనే ఎందుకంటే, పైకి అంటే బీబీ ఊరుకోదు కదా!

అయినా నీమా ధైర్యం చేసి బీబీ దగ్గరకు వెళ్ళింది.

“పెద్దమ్మా, ఒక్క చుక్క. పెండోకి చెవి వెనక పెడతాను. ఎవరికీ కనపడదు.”

“చుక్కేమిటే, చుక్క! ఇవాళ చుక్క అంటావు, రేపు గీత అంటావు. మన ముత్తవ్వల నాటి నుంచి ఈ ఒంటి మీద నలుపు పడలేదు, తెలుసా?”

“ఆ ముత్తవ్వలంతా ఏమయ్యారు పెద్దమ్మా?”

బీబీ చెవులు వెనక్కి వాలిపోయాయి. ముత్తవ్వలంతా షంగా ముత్తవ్వల పొట్టల్లోకే వెళ్ళారని ఆవిడకూ తెలుసు. తెలిసినా ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

“మచ్చపడ్డ పిల్లకు నా గుంపులో చోటు లేదు,” అనేసి మొహం తిప్పుకుంది.

ఏటికి ఎగువన ఒక పెద్ద రెల్లు దుబ్బు ఉంది. మొన్ననే పిడుగు పడి ఆకంతా కాలిపోయింది. కాడలు మాత్రం నల్లగా, నిటారుగా నిలబడి ఉన్నాయి. మర్నాడు సాయంత్రం స్నానాలయ్యాక, బీబీ ఎవరినో తిడుతున్న సందు చూసుకుని నీమా కూతుర్ని వెంటబెట్టుకుని అక్కడికి చేరింది.

“రెల్లూ రెల్లూ, కాస్త మసి పెట్టవూ? నా బిడ్డ మీద సింహం కన్ను పడింది.”

“అయ్యో తల్లీ, కాస్తేం ఖర్మ, నా ఒళ్ళంతా మసే. కావలసినంత తీసుకో,” అంది రెల్లు. కాలిపోయాక తనను పలకరించినది నీమా ఒక్కతే మరి.

నీమా ముక్కు కొసకు మసి అద్దుకుని పెండో చెవి వెనక ఇలా తాకించిందో లేదో, పక్కనే ఎండుగడ్డి కరకరమంది. షంగా! రేవు దగ్గరకు పోకుండా వీళ్ళ వెంటే వచ్చేసింది.

ఒకపక్క సింహం, ఇంకోపక్క కాలిన రెల్లు. ఆలోచించడానికి వ్యవధి లేదు. నీమా పిల్లను రెల్లులోకి తోసి తానూ దూకింది.

ఒళ్ళేమో ఇంకా ఆరలేదు. రెల్లేమో దట్టంగా ఉంది. ఒక్కో పుల్లా ఒంటికి రాసుకుంటూ పోయింది. మెడ మీద గీత, పొట్ట మీద గీత, కాళ్ళ చుట్టూ గీత. కొస రెండుగా చీలిన పుల్ల ఒకటి తగిలి నీమా భుజం మీద పంగలకర్రలాంటి గీత పడింది. పెండో ఒంటి నిండా సన్నసన్నని గీతలు. దుబ్బు నడిమికి వచ్చేసరికి నీమాకు ఊపిరి అందలేదు. కూతుర్ని పక్కకు అదుముకుని అలాగే నిలబడిపోయింది.

షంగా లోపలికి వచ్చింది. ఇటు చూసింది. అటు చూసింది. నల్ల పుల్ల, తెల్ల వెలుగు. నల్ల పుల్ల, తెల్ల వెలుగు. ఇంకేమీ కనిపించలేదు. వాసన చూసింది. కాలిన వాసన తప్ప ఇంకేమీ అందలేదు. ఊపిరి నీమా మొహానికి తగిలేంత దగ్గరకు వచ్చి, “ఎక్కడ చచ్చారు వీళ్ళు?” అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

ఒక్క చుక్క పెట్టబోతే ఒళ్ళంతా గీతలయ్యాయి! అంత పెద్ద సింహం కన్ను ఒక్క గీత మీద కూడా నిలవలేదు. నీమాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ సంతోషంతో గుంపు దగ్గరకు పరుగెత్తిందా, అక్కడ గగ్గోలు పుట్టింది. “ఛీ ఛీ, ఏమిటా అవతారం!” అని అందరూ దూరం జరిగారు.

“వెళ్ళి కడుక్కో!” అంది బీబీ.

“కడుక్కోను పెద్దమ్మా.”

బీబీతో ఆ మాట అంతకుముందు ఎవరూ అని ఎరగరు.

“షంగా నా ముక్కు ముందు నుంచే పోయింది. నన్ను చూడలేకపోయింది. నా మాట విను పెద్దమ్మా, మీరు కూడా…”

“నోరు ముయ్యి! కడుక్కునే దాకా గుంపు దరిదాపులకు రాకు.”

నీమా పిల్లను తీసుకుని రెల్లు పక్కన మేసుకుంటూ ఉండిపోయింది. అయినవాళ్ళకు దూరమై ఉండడం ఎవరికైనా కష్టమే, నీమాకూ కష్టంగానే ఉంది. కానీ ఒక వింత జరిగింది. పెండో ఇప్పుడు అస్సలు తప్పిపోవడం లేదు. “భుజం మీద పంగలకర్ర ఉన్నదే మా అమ్మ,” అని అది పాటలా పాడుకుంటూ తిరిగేది.

ఇక అక్కడ షంగా పరువు గంగలో కలిసింది. “పాలు తాగే పిల్ల చేతిలో ఓడిపోయావటగా!” అని కోతులు చెట్టెక్కి మరీ ఇకిలించాయి. షంగాకు రోషం ముంచుకొచ్చింది. అక్కచెల్లెళ్ళందర్నీ కూడగట్టుకుని ఒక సాయంత్రం రేవు మీదకు వచ్చి పడింది. తెల్లగుర్రాలు అప్పుడు మెడ దాకా నీళ్ళలో ఉన్నాయి.

“పిల్ల దొరక్కపోతే పోయె, ఇవాళ గుంపంతా మనకే విందు!” అని గర్జించింది.

ఎగువ నుంచి నీమా ఆ కేకలు వింది. తనను వెళ్ళగొట్టిన వాళ్ళే కదా! పిల్లతో రెల్లులో దాక్కుంటే తన మీద ఈగ కూడా వాలదు. కానీ ఆ కేకల్లో తన అక్కల గొంతులున్నాయి, పెండోతో ఆడుకున్న పసిపిల్లల గొంతులున్నాయి. నీమా ఉండబట్టలేకపోయింది. పిల్లను దుబ్బులో దాచి గట్టు మీదకు ఉరికింది.

“ఇటు రండి! ఎగువకు! రెల్లులోకి రండి!”

గుంపంతా బీబీ వైపు చూసింది. ఆవిడ కదిలితేనే అందరూ కదలాలి, వాళ్ళ పద్ధతి అది. గట్టు మీదున్న బీబీ తన తెల్లటి ఒంటిని ఒకసారి చూసుకుంది. తన కాళ్ళ సందున వణుకుతున్న ఒక పసిపిల్లను చూసింది.

“పోతే పోయింది వెధవ తెలుపు! పదండే!” అని ఏరు దద్దరిల్లేలా అరిచి, అందరికంటే ముందు ఆవిడే పరుగు తీసింది.

తడి ఒళ్ళతో గుంపు గుంపంతా రెల్లులో పడింది. పుల్లలు పటపటా విరిగాయి. “రాసుకోండి తల్లీ, రాసుకోండి!” అంటూ రెల్లు ఒక్కొక్కరికి ఒక్కో తీరున గీతలు గీసింది. అవతలి వైపు బయటపడేసరికి తెల్లగుర్రమన్నది ఒక్కటీ మిగల్లేదు. పెండో కూడా వాళ్ళలో కలిసిపోయింది.

“ఇంక పారిపోవద్దు!” అని అరిచింది నీమా. “ఒకరినొకరు ఆనుకుని గుండ్రంగా తిరగండి!”

గుంపు సుడి తిరిగింది. దుమ్ము ఆకాశానికి లేచింది. వెంటపడి వచ్చిన సింహాలు గుడ్లు తేలేశాయి. గీతలు ఇటు పోతున్నాయి. గీతలు అటు పోతున్నాయి. ఏది తల? ఏది తోక? ఇది ఒక గుర్రమా, నాలుగా? “దొరికింది, దొరికింది!” అని ఒక సింహం ఎగిరి ఇంకో సింహం తోక కొరికింది. షంగా రెండు గుర్రాల మధ్య ఖాళీని గుర్రమనుకుని దూకి బోర్లా పడింది. లేవబోతుంటే దవడ మీద ఫెడీల్మని ఒక తన్ను తగిలింది.

తన్నింది ఎవరో కాదు, బీబీ!

“ఇది మా ముత్తవ్వల తరఫున!” అంది ఆవిడ.

షంగా దవడ వేలాడేసుకుని పరుగో పరుగు. అక్కచెల్లెళ్ళు ఆవిడకంటే ముందే పారిపోయారు. మైదానమంతా సకిలింపులతో మోగిపోయింది.

అంతలో నీమా చుట్టూ చూసింది. పెండో ఏది? ఈ దుమ్ములో, ఇంతమందిలో ఎవరి వెంట పోయిందో! “పెండో!” అని కేక పెట్టింది.

దుమ్ములోంచి పొడుగు కాళ్ళు వచ్చాయి. పెండో బీబీని దాటింది. పిన్నిని దాటింది. ఎవరి దగ్గరా ఆగలేదు. తిన్నగా వచ్చి నీమా భుజానికి తల ఆనించింది.

“పంగలకర్ర! దొరికిపోయావమ్మా!” అంది.

అది చూసి మిగతా పిల్లలు కూడా తమ తమ అమ్మల గీతల్ని వెతికి పట్టుకుని కిలకిలా నవ్వుకున్నారు.

అప్పుడే పైన ఉరిమింది. వాన కిందకు వంగి చూసింది.

“అయ్యయ్యో, ఏమిటర్రా ఈ మసి! ఉండండి, ఇప్పుడే కడిగేస్తాను.” పాపం, ఆ గుంపు నోట ‘కడుగు’ అన్న మాట తప్ప వాన ఇంకో మాట విని ఎరగదు.

“వద్దు!” అని అరిచారందరూ. అందరికంటే గట్టిగా బీబీ అరిచింది.

“వద్దా? అదేం? ఇది మచ్చ కాదూ?”

బీబీ నీమా దగ్గరకు నడిచి వచ్చింది. తన మెడను నీమా మెడ మీద ఆనించింది.

“మచ్చ కాదమ్మా, దిష్టి చుక్క. మా నీమా పెట్టింది,” అంది.

బిడ్డకు పెట్టిన దిష్టి చుక్కను చెరపడానికి వానకు మాత్రం చేతులెలా వస్తాయి? గడ్డిని తడిపింది. ఏటిని నింపింది. గుర్రాల మీది దుమ్మంతా కడిగి, గీతల్ని మాత్రం అలాగే వదిలి వెళ్ళిపోయింది.

అప్పటినుంచే చారల గుర్రాలకు ఒళ్ళంతా చారలు. ఒకరి చారలు ఇంకొకరికి ఉండవు. పుట్టిన పిల్ల ముందుగా నేర్చుకునేది అమ్మ చారల్నే. ఈనాటికీ సఫారీ జీపుల్లో వెళ్ళినవాళ్ళు గుంపును లెక్కపెట్టబోయి తడబడి, కళ్ళు నులుముకుని మళ్ళీ మొదలుపెడతారు. “ఎంత ముద్దొస్తున్నాయో!” అని కళ్ళార్పకుండా చూస్తారు. ఎందరు ఎంతసేపు చూసినా, వాటికి దిష్టి మాత్రం తగలదు.