వేలంలో పోయిన గుమ్మడికాయ

“కానుకలు తెచ్చినవాళ్ళే మొహం చాటేస్తే ఏమనుకోవాలి, అయ్యగారూ?” అని నెహెమ్యా అడిగాడు.

ఏసోబు అయ్యగారు చెప్పుల కోసం చూశారు. అది ఆయన అలవాటు. ఎవరు ఏం అడిగినా ముందు చెప్పులు వెతుక్కుంటారు. కందుకూరు పక్క పల్లె నుంచి సువార్త పనికని మలావీ దేశం వచ్చి, సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళోనే ముసలివాడైపోయిన మనిషి. నెల రోజులు పట్నం ఆస్పత్రిలో జ్వరంతో మూలిగి, నిన్ననే చేపల లారీలో తిరిగొచ్చారు. చెప్పులు దొరికాయి గానీ, వంగి తొడుక్కోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

జరిగిందంతా ఆయన లేని నెలలోనే జరిగింది. నెహెమ్యా ఒంగోల్లో సొంతంగా సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు పెట్టి, నిలబెట్టి, దాన్ని తమ్ముడి చేతిలో పెట్టి, అయ్యగారి పనికి సాయంగా వచ్చిన కుర్రాడు. లెక్క వాడి నాలిక చివరనే ఉంటుంది. దిగిన వారానికే మందిరాన్ని అడుగులతో కొలిచి, గడ్డి తీసేసి కప్పు వేయాలంటే ఎన్ని రేకులు పడతాయో చెప్పేశాడు. కోతలు మొదలయ్యేసరికి అతనికి మన వైపు కోతపండుగ గుర్తొచ్చింది. విశ్వాసులు ప్రథమ ఫలాలు తెస్తారు. ఆరాధన కాగానే వాటిని వేలం వేస్తారు. సొరకాయ పాడుకున్న ఆసామి దాన్ని మళ్ళీ దేవుడికే ఇచ్చేస్తే మళ్ళీ పాట పెడతారు. చిన్నప్పుడు నెహెమ్యాకు క్రిస్మస్ కంటే ఆ వేలంపాటే ఇష్టం.

వచ్చీరాని వాళ్ళ భాషలో చెప్పగానే ఈ ఊరివాళ్ళూ తెచ్చారు. మొక్కజొన్న కంకులు, వేరుశనగ, కోళ్ళు. అందరికంటే ముందు ఎనెలేసి అవ్వ వచ్చింది. ఆమె మొగుడు సరస్సులో పోయాడు, కూతురు జబ్బుతో పోయింది, మిగిలింది మనవలు. తన చేలో కాసిన మొదటి గుమ్మడికాయను మోకాళ్ళు వంచి, రెండు చేతులతో నెహెమ్యా చేతుల్లో పెట్టింది. నెహెమ్యా బల్ల ఎక్కి దాన్ని పైకెత్తి, “ఒకటోసారి, రెండోసారి” అని గొంతు చించుకుని పాట పెట్టాడు. రేవులో చేపలు కొనే షావుకారు పాడుకుని, బండిలో వేసుకుని వెళ్ళిపోయాడు. మిగతావన్నీ ఆ దారినే పోయాయి.

కప్పు మీదికి రేకులు వచ్చాయి. కప్పు కిందికి మనుషులు రావడం మానేశారు.

నెహెమ్యా ఇంటింటికీ తిరిగి పిలిచాడు. అందరూ నవ్వుతూ కూర్చోబెట్టారు, అందరూ వస్తామన్నారు, ఒక్కరూ రాలేదు. ఇక మనుషుల్ని అడిగి లాభం లేదని దేవుణ్ణే అడుగుతూ మూడు రోజుల ఉపవాసం పట్టాడు. ఈ ఆదివారం కూడా మందిరం ఖాళీగా ఉంటే పెట్టె సర్దుకుని లారీ ఎక్కేస్తానని మనసులో తీర్మానించుకున్నాడు. ఇవాళ ఉపవాసం రెండో రోజు.

“పద,” అన్నారు అయ్యగారు.

ఎండ మాడుతోంది. చెట్టు కనిపించిన చోటల్లా ఆయన ఆగుతున్నారు. దారిలో పిల్లలు ఒక చెక్కముక్కను పైకెత్తి, అర్థం తెలియని తెలుగులో “ఒకటోసారి, రెండోసారి” అని అరుస్తూ ఆడుకుంటున్నారు. నెహెమ్యాను చూసి ఇంకా గట్టిగా అరిచారు.

“భాష బాగానే నేర్పావు,” అన్నారు అయ్యగారు.

ఎనెలేసి అవ్వ వాకిట్లో చాప పరిచింది. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు ఇచ్చింది. కూర్చోగానే నెహెమ్యా కళ్ళు వాటంతట అవే లెక్క మొదలుపెట్టాయి. పాక మీద గుమ్మడికాయలు ఎండుతున్నాయి. గాదె నిండా కంకులున్నాయి. గాదె నీడలో మాత్రం నలుగురు మనవలు సత్తుగిన్నెలు పట్టుకుని, నీళ్ళలాంటి తవుడు గంజి తాగుతున్నారు.

“ఇంత పంట పెట్టుకుని పిల్లలకు తవుడేంటండీ?” అన్నాడు నెహెమ్యా, చిన్నగా.

అయ్యగారు ఆ మాటను వాళ్ళ భాషలో అవ్వకు చెప్పారు. అవ్వ నవ్వి ఏదో అంది. పక్కింటి ఆవిడ దడి మీంచి తల పెట్టి ఇంకేదో అంది. ఆడవాళ్ళిద్దరూ కలిసి నవ్వారు.

“ఏమంటున్నారు?”

“నీ గొంతు బాగుందట. పుట్టాక తన గుమ్మడికాయను అంత గట్టిగా ఎవరూ పొగడలేదంటోంది అవ్వ. అది ఇప్పుడు ఏ ఊళ్ళో కాపురం చేస్తోందో నిన్ను కనుక్కోమంటోంది ఆ పక్కావిడ.”

నెహెమ్యా కూడా నవ్వబోయాడు. అయ్యగారి మొహం చూసి ఆగిపోయాడు.

“ఈ ఊళ్ళో తొలి కాపు ఇంటివాళ్ళు తినరు,” అన్నారు ఆయన, ఊపిరి తీసుకుంటూ. “ఎవరికి ఇస్తారో ఆ మనిషి ఇచ్చినవాళ్ళ ఎదుట తినాలి. అతను ఒక ముద్ద తిన్నాక గాని పొయ్యి మీదికి కొత్త పంట ఎక్కదు. ఇచ్చింది అతను ఇంకొకరికి ఇచ్చేస్తే ఆ ఇంటినే వద్దన్నట్టు. వద్దన్నవాణ్ణి మళ్ళీ పిలవడం మర్యాద కాదు. వాడే వచ్చి అడగాలి.”

“మరి నేను ఎన్నిసార్లు వచ్చాను ఈ వాకిట్లోకి. ఒక్క మాట చెప్పొచ్చు కదా.”

“చుట్టానివి. నీ తప్పు నీకెట్లా చెబుతారు?”

నెహెమ్యా మళ్ళీ పిల్లల గిన్నెల వైపు చూశాడు. ఆనాడు బల్ల మీద ఎన్ని గంపలు దిగాయో, ఎవరెవరి చేతుల్లోంచి అందుకున్నాడో అతని బుర్ర ఒకటొకటిగా గుర్తు చేస్తోంది. ఆ లెక్క ఆపడం అతనికి చేతకాలేదు.

“అడుగుతాను,” అన్నాడు. “ఎట్లా అడగాలో చెప్పండి.”

అయ్యగారు చెప్పిన రెండు మాటలు అతను తడబడుతూ పలికాడు. అవ్వ మారు మాట్లాడకుండా పాక మీంచి ఒక కాయ దింపి, కోసి, ముక్కలు ఉడకేసింది. అది ఉడికేంతసేపు అయ్యగారు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. ఆయన నుదుటి మీద మళ్ళీ చెమట పోస్తోంది. కాసేపటికి పళ్ళెం వచ్చింది. అవ్వ మోకాళ్ళు వంచి, దాన్ని తెచ్చి నెహెమ్యా ముందే పెట్టింది.

ఆవిరి మొహానికి తగిలాక అతనికి గుర్తొచ్చింది.

“అయ్యగారూ, నేను ఉపవాసంలో ఉన్నాను. రేపు సాయంత్రం దాకా. దేవుని సన్నిధిలో తీర్మానం చేసుకున్నది. ఇవాళ్టికి మీరు తినండి.”

“కాయ నా చేతికి ఇచ్చిందా?”

“పోనీ, రేపు రాత్రికి తప్పకుండా వస్తానని చెప్పండి.”

“నాకు ఓపిక లేదు. నువ్వే చెప్పు,” అని ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

నెహెమ్యాకు ఆ మాట వాళ్ళ భాషలో రాదు. వచ్చినా ఎవరికి చెప్పాలో తెలియలేదు. అవ్వ అక్కడే నిలబడి ఉంది. పిల్లలు గిన్నెలు కింద పెట్టేశారు. అందరికంటే చిన్నది పళ్ళెం వైపు కాకుండా అతని చేతి వైపు చూస్తోంది. దడి అవతల పక్కింటావిడ పక్కన ఇంకో ఇద్దరు వచ్చి చేరారు. ఇందాకటి నవ్వులు లేవు.

“ఎవరి కోసం పట్టాను ఈ ఉపవాసం...” అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. అతను ఒక పెద్ద ముక్క తీసుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

అప్పుడు అయ్యగారు కళ్ళు తెరిచి, దడి అవతలి మొహాలను చూసి, చెప్పుల కోసం కాళ్ళతో తడుముకుంటూ అన్నారు:

“కొంచెమే తిను నాయనా. ఇంకా చాలా ఇళ్ళకు పోవాలి.”