దళవాయి చుట్టిన ఎర్ర తలపాగా

చింతలదుర్గం రాజు ఓబళరాయలకు చెండాటంటే పిచ్చి. కోటముందు మైదానంలో రెండు జట్లు దిగుతాయి. ఒకడు తోలుచెండు దూరంగా విసిరితే, అతని జట్టువాడు అవతలి గీత దాటి దాన్ని పట్టుకోవాలి. ఎక్కువసార్లు పట్టిన జట్టుదే గెలుపు.

చెండు పట్టడంలో బయ్యనను మించినవాడు ఆ సీమలో లేడు. అందుకే రాజు అతనికి ఎర్రపట్టు తలపాగా ఇచ్చాడు, జనం దూరం నుంచే గుర్తుపట్టాలని. జనంతోపాటు ఎదుటి జట్లవాళ్లూ గుర్తుపట్టారు.

ఆ ఏడు జట్టు పెత్తనం సేనను నడిపే దళవాయి సోమరాజు చేతికి వచ్చింది. ఆయన ఎత్తు చాలా సులువైనది. ఎర్ర తలపాగా కనబడగానే ఎదుటివాళ్లలో ముగ్గురు బయ్యన చుట్టూ మూగుతారు. అప్పుడు మనవాళ్లలో ఎవరో ఒకరు ఖాళీగా దొరుకుతారు. చెండు వాళ్లకు వెయ్యాలి. అంతే. ఆడిన ప్రతి ఆటా గెలిచారు.

గెలిచిన ప్రతిసారీ బయ్యన మెడలో దండ పడేది. చేతిలో చెండు మాత్రం పడేది కాదు.

ఈ బాధ ఎవరితో చెప్పుకుంటాడు? జట్టు గెలిచిన రోజున మొహం ముడుచుకుంటే పక్కవాణ్ణి చూసి కుళ్లుకుంటున్నాడంటారు. చివరికి ఇంట్లో భార్య చెంగమ్మతో అన్నాడు, ఊరంతా తనను మెచ్చుకుంటోంది గానీ ఎందుకు మెచ్చుకుంటోందో తనకు తెలియడం లేదని. ఆమె కాసేపు ఆలోచించి, తనకూ తెలియడం లేదంది.

అంతలో పొరుగున ఉన్న వెదురుకోన రాజు నుంచి కబురొచ్చింది. మా జట్టులోకి వస్తే ప్రతి చెండూ నీకే వేయిస్తామని. బయ్యన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోనాడు సభకు వెళ్లి, తనకు సెలవిప్పించమని రాజును అడిగాడు.

రాజు మొహం మాడిపోయింది. వారం తిరిగితే ఆట ఉన్నది ఆ వెదురుకోనతోనే.

సోమరాజు మాత్రం తొణకలేదు. "వెళ్లనివ్వండి ప్రభూ. అతను చేసేది నిలబడటమే. ఎర్రగుడ్డ చుట్టి ఎవర్ని నిలబెట్టినా మనం గెలుస్తాం."

"నిలబడటమే అయితే కోటగుమ్మం దగ్గర కొలువు ఇప్పించండి ప్రభూ," అన్నాడు బయ్యన. "అక్కడ కనీసం నీడ ఉంటుంది."

రాజు ఇద్దర్నీ చూసి, స్తంభానికి ఆనుకుని తమలపాకుకు సున్నం రాసుకుంటున్న విదూషకుడు గురవన్న వైపు తిరిగాడు. సభలో చిక్కుముడి ఏది పడినా అతని ఒళ్లోకి విసరడం రాజుకు అలవాటు.

"గురవన్నా, దళవాయి ఎత్తు మారకూడదు. చెండు బయ్యన చేతికి రావాలి. ఆట మనం గెలవాలి. ఏం చేస్తావో చెయ్యి. చేతకాకపోతే వచ్చే ఏడాదంతా మైదానంలో నువ్వే నిలబడతావు."

గురవన్న తాంబూలం బుగ్గన పెట్టుకుని సోమరాజు దగ్గరికి వెళ్లాడు.

"దళవాయిగారూ, ఎవర్ని నిలబెట్టినా గెలుస్తామని తమరే అన్నారు. అందరి కళ్లూ పడే చోట ఎవరో ఎందుకండీ? తమరే నిలబడండి."

సోమరాజు కొంచెం తటపటాయించాడు. వెదురుకోన రాజు ముందు వరసలో కూర్చుంటాడనీ, ఆయన మొదట చూసేది ఎర్ర తలపాగానేననీ గురవన్న నెమ్మదిగా చెప్పాడు. సోమరాజు మీసం దువ్వుకుని, తలపాగా తెప్పించమన్నాడు.

ఆటనాడు బయ్యన అందరిలాగే మామూలు నేత తలపాగా చుట్టుకుని మైదానంలో దిగాడు. జనం అతన్ని చూడనే లేదు. ఒక్క క్షణం ప్రాణం చివుక్కుమంది. ఇదేనా నేను అడిగింది అనుకున్నాడు.

వెదురుకోనవాళ్లు బయ్యన పేరు విన్నారే గానీ మనిషిని చూడలేదు. ప్రాణం పోయినా ఎర్ర తలపాగాను వదలొద్దని వాళ్ల రాజు ఆజ్ఞ. ముగ్గురు వచ్చి సోమరాజును చుట్టుముట్టారు. ఇంత పేరున్నవాడికి ఇంత బొజ్జేమిటని వాళ్లలో ఒకడికి అనుమానం వచ్చింది. కానీ ఆజ్ఞ ఆజ్ఞే.

మొదటి చెండు గాలిలోకి లేచింది. బయ్యన పరుగెత్తాడు. వెనక ఎవరి అడుగుల చప్పుడూ లేదు. గీత దాటి ఎగిరాడు. చెండు అరచేతుల్లో చప్పుమని పడింది. ఆ మంట భుజం దాకా పాకింది. ఎన్నాళ్లయిందో ఆ మంట తగిలి. చెండును వదలబుద్ధి కాక కాసేపు అలాగే గుండెకు హత్తుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత చెండు మళ్లీ మళ్లీ వచ్చింది. ఒక్కటీ జారలేదు. వెదురుకోనవాళ్లకు సంగతి అర్థమయ్యేసరికి ఆట ముగిసింది. చింతలదుర్గం గెలిచింది.

మైదానం మధ్యలోంచి సోమరాజు కుంటుకుంటూ వచ్చాడు. తలపాగా మెడకు చుట్టుకుని ఉంది. ఉత్తరీయం ఎటు పోయిందో తెలియదు.

"ప్రభూ, ఇది అన్యాయం. ఆట మొదలైనప్పటి నుంచి ముగ్గురు నా మీద పడి తొక్కుతూనే ఉన్నారు. ఖాళీగా ఉన్నవాళ్లకే చెండ్లన్నీ వేశారు. నాకు ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఇదేం ఆట?"

రాజు గురవన్న వైపు చూశాడు. గురవన్న వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"తమరి ఎత్తే కదండీ దళవాయిగారూ. వెంట్రుకవాసి కూడా మార్చలేదు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మైదానమంతా నవ్వింది. ఏం చెయ్యాలో తోచక వెదురుకోన రాజూ నవ్వేశాడు.

ఓబళరాయలు తన భుజం మీది శాలువా తీసి గురవన్నకు కప్పాడు. ఇకమీదట ఎర్ర తలపాగా జట్టులో అందరూ వంతులవారీగా చుట్టుకోవాలనీ, ఎవరు ఖాళీగా ఉంటే చెండు వాళ్లకు వెయ్యాలనీ ఆజ్ఞాపించాడు. తన చేతి బంగారు కడియం తీసి బయ్యనకు తొడగబోయాడు. చెండు దెబ్బలకు వాచిన ఆ చేతికి అది ఎక్కనే లేదు.

"పోనీ, సెలవు సంగతి?" అని అడిగాడు రాజు.

బయ్యన అరచేతులు ఊదుకుంటూ నవ్వాడు.

"రెండు రోజులు ఇప్పించండి ప్రభూ. వాపు తగ్గాక వస్తాను."