ముక్కుతో తిన్న సభ

ఇవాళ మీ పక్కింటి పొయ్యి మీద ఏం చూశారు? చెప్పండి. తల దించుకుంటే కుదరదు. మూత కింద ఏముంది, ఏ వాసన వచ్చింది, ఎవరు తిన్నారు? చూసింది చూసినట్టు చెప్పండి.

కోపం వచ్చిందా? రావాలి. ఒకానొక రాజ్యంలో ఈ ప్రశ్నను ప్రతి గడప మీదా నిలబడి అడిగేవారు. మొదట్లో అక్కడి జనానికీ కోపమే వచ్చింది. తర్వాత అలవాటైపోయింది. కోపం కంటే ఆ అలవాటే ప్రమాదం.

ఆ రాజ్యం కంచరకోట. ఏలేవాడు ప్రచండదేవ మహారాజు. సభలోకి ముందు ఆయన మీసం వచ్చేది, వెనకాల ఆయన వచ్చేవాడు. బిరుదులు చదివేవాడు మధ్యలో ఆగి, మజ్జిగ తాగి, మళ్ళీ అందుకునేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. పొగడ్త ఎటు వినిపిస్తే తల అటు తిరిగిపోయేది, అంతే.

ఆ సంగతి కనిపెట్టినవాడు నిర్గంధస్వామి. ఎక్కడినుంచో వచ్చి రాజుగారి చెవిలో ఒక మాట వేశాడు. స్వర్గంలో దేవేంద్రుడి పక్కన తమకొక పీట వేసి ఉంచారు మహారాజా, కానీ తమ రాజ్యంలో వేగే ఉల్లి, వెల్లుల్లి ఘాటు పైదాకా లేచి దేవతలు ముక్కులు మూసుకుంటున్నారు, ఆ కంపు ఆగితేగాని పీట ఖాయం కాదు అన్నాడు. రాజుకు పీట కావాలి. మర్నాడే దండోరా వేయించాడు.

ఉల్లిగాని వెల్లుల్లిగాని తిన్నవాడు దైవద్రోహి. వాణ్ణి కోట బయటికి తరుముతారు, ఇంటికి ముద్ర వేస్తారు. స్వామి తినకపోతే ఎవరికీ నొప్పి లేదు. ఆయన ఆకు, ఆయన ఇష్టం. ఆయన తినడు కాబట్టి ఊళ్ళో ఎవరూ తినకూడదన్నప్పుడే వచ్చింది చేటు.

తిన్నవాళ్ళను పట్టడానికి ఘ్రాణభటులని కొత్త కొలువు పెట్టారు. జనం వాళ్ళకు ముక్కుభటులని పేరు పెట్టారు. వాళ్ళ నాయకుడు దండపాణి. వీధి మొదట్లో నిలబడి చివరింటి తాలింపులో ఏం పడిందో చెప్పగలడని అతనికి ఖ్యాతి. తల దాచుకోనిస్తే ఇల్లే నాదన్నట్టు, గిన్నెలు చూడటానికి వచ్చినవాళ్ళు నెమ్మదిగా మనుషుల్ని చూడటం మొదలుపెట్టారు. నీ బొట్టు గుండ్రంగా ఎందుకుంది, తిరగలి విసురుతూ ఆ పాట ఎందుకు పాడుతున్నావు, భజనలో నవ్విందెవరు, ఇలా.

గాజుల నాగన్న అని ఒక ముసలాయన. పాపం, వెల్లుల్లి తిననేలేదు. పక్కింట్లో వేగుతుంటే వెళ్ళి చెప్పలేదు, అదీ ఆయన నేరం. వాసన చూస్తే సగం తిన్నట్టేనని స్వామి తీర్పు చెప్పాడు. దాని మీద రాజముద్ర పడింది. నాగన్న గాజుల బుట్ట నెత్తిన పెట్టుకుని కోట దాటి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఏ ఇంట ఘాటు లేచినా పొరుగువాళ్ళు పోటీలు పడి పరుగెత్తేవారు. ముందు వెళ్ళి చెప్పినవాడి ముక్కు సంగతి ఎవరూ అడిగేవారు కాదు మరి.

రాజుగారి కొలువులో పేరయ్య అని ఒకాయన ఉండేవాడు. రాజుగారు భోంచేస్తుంటే పక్కన కూర్చుని నవ్వించడం ఆయన ఉద్యోగం. దండోరా పడ్డాక రాజుగారి కంచంలో పొద్దునా సాయంత్రమూ ఉడికించిన సొరకాయే. సొరకాయ ముందు ఏ హాస్యం నిలుస్తుంది? సగం కథలోనే రాజు చెయ్యి కడిగేసుకునేవాడు.

ఇలా ఉండగా పేరయ్య కూతురు పున్నమ్మ పురిటికి పుట్టింటికి వచ్చింది. మగబిడ్డ పుట్టాడు. తల్లికి పాలు పడలేదు. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. బాలింతకు పాలు పడాలంటే ఏం పెట్టాలో ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. పేరయ్య భార్య వీరమ్మ ఎవరినీ అడగలేదు. ఎక్కడో దాచిన వెల్లుల్లి తీసి, రెబ్బలు నేతిలో వేయించి, మిరియాలు, జీలకర్ర, శొంఠి చేర్చి దంచింది. పేరయ్య అడ్డుపడబోతే ఒకటే మాట అంది.

"స్వర్గంలో పీట సంగతి మీ రాజును చూసుకోమనండి. నా మనవడి పాల సంగతి నేను చూసుకుంటాను."

పేరయ్య తలుపులు మూశాడు, కిటికీల్లో గుడ్డలు కుక్కాడు. నేతిలో వేగే వెల్లుల్లికి తలుపేమిటి, తాళమేమిటి? కాసేపటికే పక్కింటి బుచ్చమ్మ పెరటి దారిన వచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు.

"అన్నా, నాకు పిల్లలున్నారు. నాగన్న పెదనాన్నకు పట్టిన గతి చూశాను. నేను వెళ్ళి చెప్పేస్తాను. నీకు తెలియకుండా చెప్పడానికి మనసొప్పక వచ్చాను."

వీరమ్మ చెయ్యి రోకలి మీదికి పోయింది. పేరయ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వెళ్ళి చెప్పమ్మా. నీ పిల్లలు నీకుండాలి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. వెల్లుల్లి అనే మాట నీ నోట రానీయకు. ఏదో వాసన, నాకు తెలియదు, మీరే వచ్చి చూసుకోండి అను."

"అంతేనా, అన్నా?"

"అంతే. తక్కింది వాళ్ళ ముక్కులే చెబుతాయి."

ఆమె వెళ్ళింది. పున్నమ్మకు ముందు అన్నంలో ఆ కారం కలిపి నాలుగు ముద్దలు పెట్టారు. మిగిలింది కుండలో పోసి, మూత పెట్టి, చుట్టూ పిండి మెత్తి బిగించాడు పేరయ్య. దండపాణి వచ్చాడు. గడప మీద నిలబడి రొమ్ము పొంగేలా గాలి పీల్చాడు. వెల్లుల్లేనని వీధంతా వినేలా అరిచాడు. మర్నాడు సభలో విచారణ.

ఆ రాత్రి పేరయ్య భార్యతో రెండు మూటలు కట్టించాడు. ఒక్కోదాంట్లో ఒక దుప్పటి, ఒక చెంబు, గుప్పెడు అటుకులు. తల్లీబిడ్డలకా అని వీరమ్మ అడిగింది. శిక్ష ఎవరికి పడితే వాళ్ళకని ఆయన జవాబు. మాట తేలిగ్గానే అన్నాడుగాని కంటికి కునుకు లేదు. కొలువుపోతే పోయింది. కోట బయట అడవి. వారం తిరగని బిడ్డ.

తెల్లవారింది. సభ కిటకిటలాడింది. రాజు సింహాసనం మీద, స్వామి పక్కన పులిచర్మం మీద, వెనక తెర చాటున రాజమాత. ముందు పున్నమ్మ, ఒళ్ళో బిడ్డ. మధ్యలో పిండి మెత్తిన కుండ.

పేరయ్య ముందుగా స్వామికి దండం పెట్టి, ధర్మం అందరికీ ఒకటేనా అని వినయంగా అడిగాడు. స్వామి గడ్డం నిమురుకున్నాడు.

"ధర్మానికి రాజని లేదు, భటుడని లేదు. నేను తప్పినా నాకూ అదే శిక్ష."

సభ ఆహా అంది. పేరయ్య ఇంకోసారి దండం పెట్టి దండపాణి వైపు తిరిగాడు.

"మా ఇంట్లో వేగింది వెల్లుల్లేనని తమకెలా తెలిసింది?"

"వాసన చూశాను."

"పొరపాటు పడ్డారేమో."

"నా ముక్కు పొరపాటు పడదు. నిండుగా పీల్చాను. ఈ ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ అలాగే పీల్చాను."

పేరయ్య నుదురు కొట్టుకున్నాడు. "విన్నారా, ప్రభూ. వాసన చూస్తే సగం తిన్నట్టేనని శాసనం. మా అమ్మాయి తిన్నది ఒక్క ఇంట్లో, అదీ పుట్టింట్లో. ఈయన పిలవని పేరంటానికి ఇంటింటికీ వెళ్ళి సగం సగం భోంచేశాడు."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. దండపాణి మొహం వాడిపోయింది. నిన్న తనకు కొంచెం జలుబు చేసిందనీ, అది ఇంగువైనా కావచ్చుననీ, తేల్చవలసింది స్వామివారేననీ గొణిగాడు. పేరయ్య కుండను స్వామి ముందుకు జరిపాడు. స్వామి పులిచర్మంతో సహా వెనక్కి జరిగాడు. తాను పుట్టాక ఆ వాసన ఎరగనన్నాడు. మరి ఎరగనివారు ఎలా తేలుస్తారని పేరయ్య.

రాజుకు చిరాకెత్తింది. "చాలించండి. మేమే తేలుస్తాం," అని లేచాడు. న్యాయం కోసమే లేచాడని సభ అనుకుంది. నెలల తరబడి సొరకాయ తిన్నవాడని పేరయ్యకు తెలుసు.

రాజు బాకు మొనతో పిండి పెళ్ళగించి మూత తీశాడు.

రాత్రంతా మగ్గిన వాసన ఒక్కసారిగా లేచింది. నెయ్యి, మిరియాలు, ఎర్రగా వేగిన వెల్లుల్లి. సింహాసనం చుట్టింది, స్తంభాలు చుట్టింది. సేనాపతి కడుపు నిండు సభలో గుర్రుమంది. రాజు కళ్ళు మూసుకుని పీల్చాడు. మీసం లేచింది. మళ్ళీ పీల్చాడు, ఈసారి తీరిగ్గా. గుటక వేశాడు.

"ప్రభూ," అన్నాడు పేరయ్య, "ఒకసారి పీలిస్తే సగం. తమరు రెండోసారీ పీల్చారు."

రాజు కళ్ళు తెరిచాడు. చెయ్యి కత్తి పిడి మీదికి వెళ్ళింది. పేరయ్య వంగి, వెంట తెచ్చిన మూటల్లో ఒకటి తీసి రాజు పాదాల దగ్గర పెట్టాడు.

"పసిబిడ్డతో ఒక్కతీ కోట ఎలా దాటుతుందా అని నిద్ర లేకుండా దిగులుపడ్డాను. ఇప్పుడా దిగులు తీరింది. మహారాజులుంగారే తోడు వెళుతున్నారు. దుప్పటి కొత్తదే, ప్రభూ. ఇక ఈ సభవారంతా ఒకసారే పీల్చారు కనుక వారికి సగం శిక్ష చాలు. కోటగుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని నిలబడతారు. సేనాపతిగారు ఆ భంగిమలో కనిపిస్తే శత్రువు యుద్ధానికి రాడు, చూసి నవ్విపోతాడు."

రాజు స్వామి వైపు చూశాడు. రాజుతోపాటు అందరూ చూశారు. మూత లేచినప్పటినుంచీ స్వామి రెండు వేళ్ళతో ముక్కు నొక్కిపెట్టి, పెదాలు బిగించి కూర్చున్నాడు. మొహం ఎర్రబడింది, తర్వాత వంకాయ రంగుకు తిరిగింది. వెనక నిలబడ్డ శిష్యుడు కంగారుపడి వింజామర విసిరాడు. కుండ మీది గాలి కాస్తా ఇటు మళ్ళింది. చివరికి ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి, హా అని స్వామి సభలోని గాలంతా లోపలికి లాగాడు.

పేరయ్య జాలిగా తల ఊపాడు. "అయ్యో, ముక్కుతో అయితే సగంతో పోయేది. స్వామివారు నోటితోనే పుచ్చుకున్నారు. అది పూర్తి భోజనం." రెండో మూట స్వామి ముందు పెట్టాడు.

సభ పెదవులు కొరుక్కుంది. రాజు మీసం కొసలు అదిరాయి. అయినా చెయ్యి కత్తి మీదనే ఉంది. ఆయనకు స్వర్గంలో పీట ఇంకా కనిపిస్తూనే ఉంది. అంతలో బిడ్డ ఏడ్చాడు. పున్నమ్మ వాణ్ణి భుజాన వేసుకుని లేచి నిలబడింది.

"మహారాజా, పొమ్మంటే పోతాను. ఒక్క సంగతి అడగనివ్వండి. తమరు పుట్టినప్పుడు రాజమాతగారికి పథ్యంలో ఏం పెట్టారు?"

ఆ మాట అడిగే ధైర్యం అంతకుముందు ఎవరికీ కలగలేదు. రాజు మెల్లగా తెర వైపు తిరిగాడు. లోపల గాజులు కదిలాయి.

"ఏం పెడతారు, నాయనా," అంది రాజమాత. "వెల్లుల్లే పెట్టారు. నువ్వు తాగిన తొలి పాలలోనే ఉంది అది. నీ పీట ఆనాడే పోయింది."

ముందు రాజు పొట్ట కదిలింది, మీసం కదిలింది, నవ్వు బయటపడింది. కిరీటం జారేదాకా నవ్వాడు. కత్తి మీది చెయ్యి తీసి కిరీటం పట్టుకున్నాడు. అప్పుడుగాని సభ నవ్వలేదు. పేరయ్య మాత్రం నవ్వలేదు. అక్కడే కూలబడ్డాడు.

ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. నాగన్నను వెనక్కి పిలిపించమనీ, ముద్రపడ్డ ఇళ్ళు తెరిపించమనీ, ఎవరి ముక్కు వాళ్ళ వంటింట్లోనే ఉండాలని దండోరా వేయించమనీ పేరయ్య కోరాడు. ఇంకొకటి కూడా అడిగాడు. స్వామివారికి వెల్లుల్లి వద్దంటే వద్దు. ఆయన ఆకులో ఎవరూ బలవంతంగా వెయ్యకూడదు. అదీ శాసనంలో రాయించమన్నాడు. రాజు రాయించాడు. మనవడికని పాడిగేదెను తోలించాడు. దండపాణిని ధాన్యపు కొట్టుకు పంపి, బూజు పట్టిన గింజల్ని వాసన చూడమన్నాడు.

స్వామి ఊళ్ళో ఉండలేకపోయాడు. తన ఆకులో తనకిష్టమైంది తినే వీలు ఆయనకు అప్పుడూ ఉంది. పక్కవాడి ఆకు మీద పెత్తనం పోయాక ఆ తిండి సయించలేదు. తెల్లారేసరికి వెళ్ళిపోయాడు. పేరయ్య ఇచ్చిన మూట మాత్రం మరిచిపోలేదు.

కుండ కూడా ఇంటికి తిరిగొచ్చింది, ఖాళీగా. రాజుగారు వేడి అన్నంలో మొత్తం కలుపుకున్నారట. బాలింత సొమ్ము తిన్నవాడు రాజైతేనేం, ఎవడైతేనేం అని వీరమ్మ వారం రోజులు తిట్టింది.

రాజు నవ్వాడు కాబట్టి ఈ కథ ఇలా ముగిసింది. నవ్వడం రాని రాజులూ ఉంటారు. తెర వెనక నిజం చెప్పే తల్లి అన్ని చోట్లా ఉండదు. నాగన్న తిరిగొచ్చి, ఆ బిడ్డకు దిష్టి తగలకుండా నల్లగాజులు తొడిగాడు. బుచ్చమ్మ మాత్రం చాలాకాలం పేరయ్య కళ్ళలోకి చూడలేకపోయింది.

ఆమెను తిట్టడం తేలిక. రేపెప్పుడో ఎవడో ఒకడు దేవుడి పేరు చెప్పి మీ గడప మీద నిలబడతాడు. పక్కింటి గిన్నెలో ఏం చూశావని అడుగుతాడు. మీ పిల్లలు మీ వెనకే నిలబడి వింటుంటారు. అప్పుడు మీరేం చెబుతారు?