వణికే చేతి కంజిర

అనగనగనగా, మన తాతల తాతలకు ఇంకా పళ్ళు రాని కాలంలో, కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో ఓబులవ్వ. ఆమెకు అన్నిటికీ భయమే. పిల్లి దూకినా భయం, పిడుగు పడినా భయం. చేతులు ఎప్పుడూ గడగడ వణికేవి. ఊరంతా నవ్వేది. నోళ్ళకేం, నవ్వుతాయి!

ఒక ఏడు కరువొచ్చింది. కొండల నడుమ కనుమ దారి దాటితే, అవతల కోతలున్నాయి, కూడుంది. కనుమలో మాత్రం పులుంది. వాయిద్యం వినబడినంతసేపూ అది మీద పడదు. చప్పుడు ఆగిందా, ఆఖరున నడిచే మనిషిని పట్టుకుపోతుంది. అందుకని వాయించేవాళ్ళే ఆఖరున నడవాలి.

మొదట గంగులు పెద్ద డప్పుతో పోయాడు. మంచుకు తోలు మెత్తబడి డప్పు మూగబోయింది. డప్పు కాచుకుందామని మంట వేయబోయాడు. అంతే! తలపాగా మాత్రం దొరికింది. తర్వాత మారెన్న చిన్న డప్పుతో పోయాడు. అదే మంచు, అదే మూగ. చెప్పులు మాత్రం దొరికాయి.

ఇక వాయించేవాడు లేడు. ఓబులవ్వ మనవరాలు సుంకి, తల్లీ తండ్రీ లేని పిల్ల, ఆకలికి చిక్కిపోతోంది. ఓబులవ్వ వాయిద్యాలు కట్టే పుల్లన్న దగ్గరికి పోయింది.

పుల్లన్న పెద్ద డప్పు చూపించాడు.

"కొట్టే బలం లేదు నాయనా."

చిన్న డప్పు చూపించాడు.

"తాళం తెలీదు నాయనా."

"మరి నీకేమొచ్చవ్వా?"

"వణకడం వొచ్చు. వణికే చేతికి పలికేది ఇయ్యి."

పుల్లన్న నవ్వలేదు. చుట్టూ బిళ్ళలున్న కంజిర ఆమె చేతిలో పెట్టాడు. గల్ గల్ గల్. దానంతటదే మోగింది.

తెల్లారి జనం కనుమెక్కారు. అందరి వెనకా సుంకి, సుంకి వెనక ఓబులవ్వ. మంచు కమ్మింది. తోలు తడిసింది. తడిస్తే బిళ్ళలకేం! పొదలు కదిలాయి. ఓబులవ్వకు ఎంత భయమో కంజిరకు అంత మోత.

"సుంకీ, దాటినావా?"

"లేదవ్వా!"

గల్ గల్ గల్. అవ్వ కాళ్ళు తడబడ్డాయి, వెనకబడింది. వెనక ఏదో ఊపిరి తీసింది.

"సుంకీ, దాటినావా?"

"లేదవ్వా!"

గల్ గల్ గల్. ఆ ఊపిరి వెచ్చగా మెడకు తగిలింది.

"సుంకీ, దాటినావా?"

"దాటినానవ్వా! ఎండ కనబడతాంది!"

అమ్మయ్య, అనుకుంది ఓబులవ్వ. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమెకు భయం పోయింది. చెయ్యి నిలిచింది. కంజిర ఆగింది. తర్వాత ఆ కంజిర మాత్రం దొరికింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో కంజిర కావాలంటే, కట్టేవాళ్ళు ముందు "నీ చేతికేమొచ్చు?" అని అడుగుతారు. వణికే చేతిని చూసి ఎవరూ నవ్వరు. ఇక ఆ కనుమ దాటే పిల్లలు, ఎండలోకి వచ్చేశాక కూడా, వెనక్కి తిరిగి "లేదవ్వా! ఇంకా లేదవ్వా!" అని అరుస్తారు.