రంగిగుట్ట ఖడ్గానికి పేరు నిలిచిన వైనం

రంగిగుట్ట చేరిన భక్తులు ముందుగా కొలిమిరాతికి మొక్కి, అక్కడినుంచి ముప్పై అడుగులు నడిచి గర్భగుడిని దర్శించాలి. లోపల విగ్రహం ఉండదు. నిలువెత్తు ఖడ్గం పసుపు పూసుకొని, ఎర్రచీర కట్టుకొని ఉంటుంది. ఆమే రంగమ్మ తల్లి. గుడి వెనుక గోడ పొడవునా చెక్కిన అక్షరాలు అమ్మవారికి మొదట పెట్టబోయిన పేరు. దాన్ని చివరిదాకా చదివినవారు ఇంతవరకు లేరు. చదవమని అర్చకులు కూడా బలవంతపెట్టరు.

పూర్వం ఈ గుట్టను ఓబుళనాయకుడు ఏలేవాడు. ఆకాశం నుంచి పడిన ఇనుపరాతితో ఖడ్గం చేయమని ఆయన కమ్మరి మౌనాచారిని ఆజ్ఞాపించాడు. మౌనాచారి సమ్మెట కొడితే, ఆయన భార్య సుంకులమ్మ తొమ్మిది నెలలు తిత్తి ఊదింది. ఆ దంపతులకు సంతానం లేదు. కూతురు పుడితే గతించిన తన తల్లి పేరు రంగి అని పెట్టుకోవాలని సుంకులమ్మ పన్నెండేళ్లుగా ఆశపడుతోంది. ఒకరికి పెట్టిన పేరు వారుండగా మరొకరికి పెట్టరాదని ఆ ఇంటి కట్టుబాటు. అందుకని ఆ పేరును మేకపిల్లకు కూడా పెట్టనిచ్చేది కాదు.

ఖడ్గం పూర్తయిన మధ్యాహ్నం మౌనాచారి కునుకు తీస్తుండగా అమ్మవారు కలలో కనిపించి, "ఈ ఇనుములో నేనున్నాను. పేరు పెట్టి ఒక్క గుక్కలో పిలిస్తే లేస్తాను. అంతవరకు నాతో దోసకాయ కూడా తెగదు" అని ఆనతిచ్చింది.

మౌనాచారి ఆ కల చెప్పగానే ఓబుళనాయకుడు సభ చేశాడు. ఆస్థాన పండితుడు శేషభట్టు "ప్రళయకాలాగ్ని" అన్నాడు. సేనాపతి దానికి "రిపుకంఠవిదారిణి" తగిలించాడు. నాయకుని పెద్దభార్య పుట్టింటి ఊరు, చిన్నభార్య ఇలవేల్పు కూడా వచ్చి చేరాయి. ఎవరి మాట తీసేసినా వారు అలిగేలా ఉన్నారు కనుక ఏదీ తీయలేదు. పందొమ్మిదో నాటికి ఆ పేరు చెక్కడానికి ఖడ్గం మీద చోటు చాలక, ఇప్పుడు గర్భగుడి అయిన మంటపం వెనుక గోడకెక్కింది. ఒక్క గుక్క సంగతి సభలో ఎవరికీ గుర్తు లేదు. సుంకులమ్మకు గుర్తుంది గాని, తిత్తి ఊదే ఆడమనిషిని అడిగేదెవరు?

ఇరవయ్యో నాటి ఉదయం దోపిడీ దండు గుట్టెక్కింది. ఓబుళనాయకుడు మంటపంలో ఖడ్గం ఎదుట నిలిచి పేరు అందుకున్నాడు. సగం దాటకముందే ఊపిరి చాలక దగ్గు ముంచుకొచ్చింది. ఖడ్గం ఉలకలేదు, పలకలేదు. ఆయన మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

దండు పెద్ద ఒక బండ మీద చతికిలబడి, "నిదానంగానే కానీ సామీ, మాకేం తొందర ల్యా" అన్నాడు.

మూడోసారికి అతనికీ విసుగు పుట్టి కత్తి దూశాడు. అతనికి అడ్డంగా నిలిచినవాడు సమ్మెట పట్టిన మౌనాచారి ఒక్కడే. శేషభట్టు అప్పటికే కొలిమి దగ్గరికి పారిపోయి తిత్తి వెనుక నక్కాడు.

భర్త మెడ మీదికి కత్తి లేవడం సుంకులమ్మ చూసింది. ఒక్క గుక్కలో పిలవగలిగిన పేరు ఆమె దగ్గర ఒక్కటే ఉంది. అది ఇచ్చేస్తే రేపు కూతురికి మిగలదు. అయినా కొలిమి దగ్గరే నిలబడి, ఆటలో పడ్డ బిడ్డను అన్నానికి పిలిచినట్టు గొంతెత్తి, "రంగీ! రాయే!" అని పిలిచింది.

ఖడ్గం లేచింది. దండులోని ప్రతి కత్తినీ పిడిదాకా నరికి, ఒక్క ప్రాణం కూడా తీయకుండా, నేరుగా వచ్చి సుంకులమ్మ చేతుల్లో వాలింది. దండు కాలికి బుద్ధి చెప్పింది. ఓబుళనాయకుడు లెంపలేసుకున్నాడు.

మౌనాచారి మాత్రం కళ్లనీళ్లు పెట్టుకొని, "దాచుకున్న పేరు పోయెనే" అన్నాడు.

"యాడికి పోయింది? నా చేతుల్లోనే ఉండాది గదా" అంది సుంకులమ్మ.

ఆమెకు ఆ తరువాత కూడా పిల్లలు కలగలేదు.

నేటికీ ఇక్కడ బిడ్డకు పేరు పెట్టేటప్పుడు తల్లి కొలిమిరాతి వద్ద నిలబడి ఒక్క గుక్కలో పిలవాలి. గర్భగుడిలోని అర్చకునికి వినబడితేనే గంట కొడతారు. లేకుంటే పేరును అక్కడికక్కడే కుదిస్తారు. పట్నం నుంచి వచ్చేవారు ఇందుకు సిద్ధపడి రావలెను. ఆపైన ఊరిలోకెల్లా పెద్దామె అదే రాతి పక్కన నిలిచి, "రంగీ! రాయే!" అని పిలుస్తుంది. గుట్ట మీదున్న ఆడపిల్లలందరూ ఒక్క గొంతుతో "వస్తాండానమ్మా!" అని పలకాలి. సుంకులమ్మ వినని ఆ బదులును ఆమెకు చెల్లించడమే ఇక్కడి పూజ. అది చెవిన పడిన తల్లికి, పిలిస్తే పలికే బిడ్డ ఉంటుందని ఇక్కడివారి నమ్మకం.