నాలుగు రోజుల గడ్డి

కుందనగిరి రాజు భైరవభూపతిగారికి నెలకో పిచ్చి. పోయిన నెల కోటలో చిలకలన్నిటికీ శ్లోకాలు నేర్పించారు. అంతకు ముందు నెల సభకు అందరినీ వెనక్కి నడిచి రమ్మన్నారు. ఈ నెల నిధుల పిచ్చి పట్టుకుంది. అది అంటించినవాడు భూగర్భ మార్తాండ సోమిదేవయ్య.

ఆ బిరుదు ఎవరిచ్చారని అడక్కండి, తనకు తనే ఇచ్చుకున్నాడు. అతని చేతిలో ఎప్పుడూ ఒక పంగల కర్ర. భూమిలో బంగారమో వెండో రాగో ఉంటే ఆ కర్ర తనంతట తనే కిందికి వంగుతుందట.

ఆ ఊళ్ళో ప్రతి వీధికీ రెండు పక్కలా, ఇళ్ళ అరుగులకూ బాటకూ మధ్య, బారెడు వెడల్పున పచ్చిక ఉండేది. రాజుగారి తాతగారు వేయించింది. అది ఎవరిదీ కాదు, అందరిదీ. పిల్లలు బిళ్ళంగోడు ఆడేదక్కడే, ఆడవాళ్ళు చల్లపూట చేరి కబుర్లు చెప్పుకునేదక్కడే. సోమిదేవయ్య కన్ను సరిగ్గా దాని మీదే పడింది. పెరట్లో తవ్వితే ఇంటివాళ్ళు కర్రలు పట్టుకుని వస్తారు, వీధి పచ్చిక తవ్వితే అడిగే నాథుడెవరు?

రెండుసార్లు నిధి దొరికింది. ఒకసారి వెండి భరిణె, ఒకసారి బంగారు కడియం. కర్ర ఊరికే వంగిన చోట్ల మాత్రం వంద గోతులు మిగిలాయి. ఆస్థాన పురోహితుడు ఒక గోతిలో పడి కాలు బెణికించుకున్నాడు. అయినా రాజుగారు సంతోషం పట్టలేకపోయారు.

"వచ్చే దశమినాడు మా కళ్ళ ముందు నిధి తియ్యి. నువ్వే నిధుల మంత్రివి. పదిహేడు వీధులూ తవ్వుకో!"

"మరి పచ్చిక, ప్రభూ?" అన్నాడు ముసలి మంత్రి.

"పోతే పోనీ. గడ్డి పనివాళ్ళను కూడా పంపించెయ్యండి. గడ్డే లేనప్పుడు వాళ్ళకేం పని?"

ఆ మాట నూకాలు చెవిన పడింది. ఇరవై ఏళ్ళుగా ఆ వీధుల్లో గడ్డి పెంచుతూ, కోస్తూ బతుకుతోంది ఆమె. ఆమెతో పాటు ఇంకో పదకొండు మంది పొయ్యిలు ఆరిపోతాయి. ఆమెకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

దశమి ముందు రోజు, ఇదే ఆఖరనుకుంటూ కోశాధికారి ఇంటి ముందు నీళ్ళు పోస్తోంది. రెండు చోట్ల, విస్తరాకంత మేర, గడ్డి డీలాపడి కనిపించింది. ఇంకెవరి కంటికీ ఆనేది కాదు. నిన్నా మొన్నా నీళ్ళు పోసింది తనేగా, ఎందుకు వాడింది? కొడవలి మొనతో అంచు లేపింది. గడ్డి చాపలా లేచొచ్చింది. కింద ఒక పట్టుగుడ్డ మూట. రెండో చోటా అంతే.

ఇప్పుడే తీసుకెళ్ళి చూపిస్తే, నువ్వే పాతావంటారు. నూకాలు కాసేపు ఆలోచించింది. తర్వాత తన పెరట్లో సొరపాదు దగ్గరికి నడిచింది.

దశమినాడు సభ వీధిలోనే కొలువుదీరింది. సోమిదేవయ్య పట్టుశాలువా సర్దుకుంటుండగా నూకాలు గుడ్డ కప్పిన బుట్ట తెచ్చి రాజుగారి కాళ్ళ దగ్గర పెట్టింది.

"మారాజా, ఆరి కర్రకే కాదు, నా సీపురుక్కూడా నిధులు తెలుస్తాయి. అది సెప్పింది ఇందులో ఉంది. ఆరి పనయ్యాక ఇప్పి సూడండి."

సభంతా గొల్లుమంది. సోమిదేవయ్య అందరికంటే గట్టిగా నవ్వాడు.

రాజుగారు బుట్ట మీద చెయ్యి వేసి, "కానివ్వు" అన్నారు.

సోమిదేవయ్య అటు నడిచాడు, ఇటు నడిచాడు, కళ్ళు మూశాడు. కోశాధికారి ఇంటి ముందు కర్ర గజగజ వణికి వంగింది.

"బంగారు గిన్నె! దాని మీద నెమలి! రెండొందల ఏళ్ళ నాటిది!"

భటులు తవ్వారు. లేత సొరకాయ బయటపడింది.

నాలుగడుగుల అవతల కర్ర మళ్ళీ వంగింది, ఈసారి కొంచెం అనుమానంగా.

"వెండి దీపపు సెమ్మె. దాని మీద... చిలక."

తవ్వారు. ఇంకో సొరకాయ.

"సొరకాయ కోతలంటే విన్నాం గానీ, తవ్వకం ఇదే చూడడం" అన్నాడు మంత్రి.

"దుష్టశక్తులు ప్రభూ! లోహాన్ని కూరగాయగా మార్చేశాయి!"

రాజుగారు బుట్ట మీది గుడ్డ లాగారు. లోపల నెమలి చెక్కిన బంగారు గిన్నె, చిలక ఉన్న వెండి సెమ్మె.

"నీ చీపురుకు ఇదంతా ఎలా తెలిసిందే?"

"సీపురుకేటి తెలుస్తాది మారాజా, గడ్డి సెప్పింది. కోసి లేపి మళ్ళీ నొక్కిన గడ్డి ఏరు పట్టేదాకా ఏలాడిపోతాది." నూకాలు సోమిదేవయ్య వైపు తిరిగింది.

"నిధి వయసు రెండొందల ఏళ్ళంట, దాని మీద గడ్డి వయసు నాలుగు రోజులే!"

రాజుగారు ముందు ఎర్రబడ్డారు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. వీధి వీధంతా నవ్వింది. బెణికిన కాలు మరిచిపోయి పురోహితుడు ఎగిరి గంతేశాడు.

"పచ్చిక జోలికి ఇంకెవరూ పోకూడదు. పనివాళ్ళంతా పనిలోనే ఉంటారు. ఈ గిన్నె నీది నూకాలూ. మార్తాండా, నువ్వు ఆ వంద గోతులూ పూడ్చి, గడ్డి మొలిచేదాకా నీళ్ళు మొయ్యి. నూకాలు బాగుందన్నాకే నీకు సెలవు."

సోమిదేవయ్య తల వంచుకుని పార అందుకున్నాడు. కర్రను ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

నూకాలు చెయ్యి చాపింది.

"ఇలాగివ్వండి బాబూ, మా సొరపందిరికి పంగల కర్ర ఒకటి తక్కువైంది!"