శుక్రవారం ఉబ్బిన బీరువా

అనగనగా ఒక ఊళ్ళో, అచ్చం మన ఊరిలాంటి ఊళ్ళోనే, సూరమ్మ అని ఒక అత్తగారుండేది. మనిషి మంచిదే గానీ ఒట్టి అనుమానం పక్షి. పాలవాడు పాలు పోస్తుంటే చెంబులోకి తొంగి చూసేది. కాళ్ళు కదపకుండా విను మరి.

ఆవిడ కోడలు కుసుమ. జాకెట్లు కుట్టి కూడబెట్టుకున్న డబ్బుతో ఒక చవక బీరువా కొనుక్కుంది. రంపప్పొట్టుని జిగురుతో అదిమి, పైన పల్చటి చెక్కపొర అంటించిన బీరువా. సూరమ్మ దాన్ని వేలితో టకటకా కొట్టి చూసి, "ఇది చెక్కా, అట్టా?" అంది.

మొదటి శుక్రవారం తర్వాత బీరువా అడుగు కాస్త ఉబ్బింది. సూరమ్మకి కొట్టువాడి మీద అనుమానం. రెండో శుక్రవారం తర్వాత పైపొర లేచింది. అప్పుడు పక్కింటి పిల్లి మీద అనుమానం. పాపం, దాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. మూడో శుక్రవారం తర్వాత తలుపు పట్టేసింది. అప్పుడు కోడలి మీదే అనుమానం.

"పొద్దస్తమానం ఆ తలుపు తెరుస్తావు, మూస్తావు. లోపల ఏం దాస్తున్నావో ఏమో. నువ్వే పాడుచేశావు" అనేసింది.

అంత మాట అనకూడదమ్మా. కుసుమకి కళ్ళనీళ్ళు తిరిగాయి. బట్టలన్నీ సంచిలో కుక్కుకుని, "పుట్టింటికి పోతున్నాను. ఇక రాను" అంది.

సరిగ్గా అప్పుడే వడ్రంగి అప్పలాచారి వచ్చాడు. కుసుమే ముందురోజు కబురు పెట్టింది. వంగి, ఉబ్బినచోట తడిమి, వేలు చూసుకున్నాడు. పచ్చగా ఉంది.

"శుక్రవారం ఇల్లు కడిగేదెవరమ్మా?" అన్నాడు.

ఇంకెవరు, సూరమ్మే. ప్రతి శుక్రవారం బకెట్టు నీళ్ళలో పసుపు కలిపి ఇల్లంతా దిమ్మరించేది తనే. ఆ నీళ్ళు తాగి లోపలి పొట్టు నానిన అటుకుల్లా ఉబ్బింది.

గబగబా వెళ్ళి కోడలి చేతిలో సంచి లాక్కుంది. "తప్పు నాదే తల్లీ. నాకు సిగ్గుగా ఉంది. వెళ్ళకు" అంది.

ఆ తర్వాత అప్పలాచారి బీరువాని బాగా ఆరనిచ్చి, ఉబ్బిన అడుగు కోసేసి, టేకు పట్టీ బిగించాడు. లేచిన పొర కింద జిగురు పూసి ఇటుకలు బరువు పెట్టాడు. అది అతుక్కున్నాక సూరమ్మే కోడలి బట్టలు మడతపెట్టి లోపల సర్దింది.

కుసుమ ఉండిపోయింది. సూరమ్మ నీళ్ళు దిమ్మరించడం మానేసి, బకెట్టులో గుడ్డ ముంచి పిండి తడిగుడ్డ పెడుతోంది. కానీ ప్రతి శుక్రవారం కుసుమ బీరువా పక్కన చేతులు కట్టుకుని నిలబడి, అత్తగారి బకెట్టు వంకే చూస్తుంటుంది.

"అమ్మమ్మా, నువ్వు కూడా శుక్రవారం తడిగుడ్డే పెడతావుగా? అత్తయ్య పక్కనే నిలబడుతుందిగా?"

"నీకన్నీ కావాలి. కళ్ళు మూసుకో."

కథేమో కంచి బాట పట్టింది, బకెట్టేమో పెరటి బాట పట్టింది, నువ్వింక నిద్ర బాట పట్టు.